పంచె పెట్టిన రోజు

టెంటు కింద ఉన్నవి ముందు రాస్తాను. కిరాయికి తెచ్చిన కుర్చీలు రెండు వందలు. స్టేజీ మీద ఎర్ర సోఫా, దాని వెనక థర్మకోల్ అక్షరాలు. సౌండు బాక్సులు రెండు, మైకు ఒకటి. బట్టలు పెట్టడానికి ఇత్తడి తాంబాళాలు మూడు. వాటిలో కుంకుమ, అక్షింతలు, తమలపాకులు. పక్క బెంచీ మీద పేర్లు రాసి అంటించిన ప్లాస్టిక్ కవర్లు. టెంటు వెనక కట్టెల పొయ్యి, దాని మీద మాంసం గుండిగ.

మనుషులు: పదకొండేళ్ల పిల్లవాడు, వాడి ధోతి ఫంక్షనే అది. వాడి తండ్రి, అంటే మా అమ్మ తమ్ముడు, నా మేనమామ. మామ బామ్మర్దులు ఇద్దరు. మా అమ్మ. మా నాయన. నాయన పనిచేసే కట్టె కోత మిల్లు యజమాని, పిలిస్తే కారేసుకుని వచ్చాడు. నేను. మిగతావాళ్లంతా చుట్టాలు.

నాయన ఒంటి మీద: పాదాల దగ్గర బిగుతుగా ఉన్న నీలం జీన్సు ప్యాంటు. మెరూన్ టీషర్టు, ఛాతీ మీద ఏదో విదేశీ ఊరి పేరు. వెడల్పాటి తోలు బెల్టు. స్పోర్ట్స్ బూట్లు. తలకు ఆ ఉదయమే వేసిన రంగు, చెవి పక్కన కొంచెం అంటుకుని ఉంది. వయసు అరవై.

మామ వాళ్లది దుమ్ముగూడెం దాటాక గోదావరి పక్క ఊరు. మాది భద్రాచలం దగ్గర, మిల్లుకు సైకిల్ దూరం. మేం బండి దిగుతుండగానే గేటు దగ్గర కూర్చున్న ఒక ముసలి చుట్టం నాయనను కింది నుంచి పైదాకా చూశాడు.

"ఏమోయ్, కాలేజీల సీటొచ్చిందా?"

"వచ్చింది గని ఫీజు నువ్వు కడ్తవా?" అన్నాడు నాయన.

ఇద్దరూ నవ్వారు. ఆ రోజు నాయన నవ్వడం అదే ఆఖరు.

మా వైపు వయసు పుట్టినరోజుతో రాదు, కవరులో వస్తుంది. ఏ ఫంక్షన్ జరిగినా ఆ ఇంటివాళ్లు ఆడబిడ్డలకూ వాళ్ల భర్తలకూ బట్టలు పెడతారు. మగవాళ్లకు ప్యాంటు గుడ్డ, షర్టు గుడ్డ. అట్లా ఏళ్ల తరబడి పెట్టి, ఒక ఫంక్షన్‌లో ఉన్నట్టుండి పంచె, కండువా పెడతారు. ఆ ఏడు ఎప్పుడు వచ్చిందన్నది పెట్టేవాళ్లే తేలుస్తారు. పెట్టించుకునేవాణ్ణి అడగరు. పంచె పెట్టించుకున్న మనిషి ఆ తర్వాత బరువు ఎత్తడు, మిషను ముట్టడు, పంచాయితీలో ముందు వరసలో కూర్చుంటాడు. గౌరవమే. కానీ తిరిగి ప్యాంటులోకి వచ్చినవాణ్ణి నేను చూడలేదు.

ఆడవాళ్లకు పంచె బదులు రంగు మారుతుంది. అమ్మకు నలభై ఎనిమిదో ఏట పెద్దంచు చీరలు ఆగిపోయి, బూడిదరంగు నేత చీరలు రావడం మొదలైంది. మొదటి చీర వచ్చిన రోజు ఆమె మడత విప్పి చూసింది, మళ్లీ మడత పెట్టింది, లోపలికి పోయి అదే కట్టుకుని వచ్చి వడ్డనలో నిలబడింది. ఎవరూ గమనించలేదు. ఇంట్లో ఉన్న చిలకపచ్చ చీరలు రెండు మా పిన్నికి పోయాయి.

నాయన జీన్సు గురించి కూడా చెప్పాలి. అందరూ అది సోకు అనుకునేవాళ్లు. సోకు కొంత ఉంది, లేకపోతే తలకు రంగెందుకు? కానీ ప్యాంటు బిగుతుకు లెక్క వేరు. నాయన ఆ మిల్లులో కోత మిస్త్రీ. దుంగను ట్రాలీ మీద పెట్టి బ్యాండు రంపానికి ఎదురు తోసే మనిషి. వదులు గుడ్డ ఉన్నవాణ్ణి ఆ మిషను పట్టుకుంటుంది. అందుకే ఎక్కడ కొన్న ప్యాంటైనా కొత్తగూడెంలో ఒక దర్జీ భాయ్ దగ్గరికి తీసుకుపోయి పాదం దగ్గర కుట్టించుకునేవాడు. ఆయన చెప్పే కొలత ఒకటే: గుడ్డకూ కాలికీ మధ్య రెండు వేళ్లు పట్టాలె, మూడోది పట్టొద్దు. మిల్లు గుమ్మం మీద పెయింటుతో రాసి ఉంటుంది, లుంగీ, పంచె, తువ్వాల లోపలికి తేరాదని. నాయన లెక్కలో ప్యాంటు అంటే ఆ గుమ్మం దాటే టికెట్టు.

అమ్మకు ఆ గుమ్మం అంటేనే భయం. అంతకుముందు వానాకాలం ఒక వేప దుంగలో పాత మేకు దాగి ఉంది. ఎప్పుడో ఎవరో తీగ కట్టడానికి కొట్టింది, దాని మీద చెట్టు పెరిగింది. రంపం మేకును తాకి తెగింది. జానెడు ముక్క నాయన చెవి పక్కనుంచి పోయి వెనక గుంజలో దిగబడింది. అన్నం తెచ్చిన అమ్మ ఆ గుంజ పక్కనే నిలబడి ఉంది. పైగా నాయనకు ఎడమ కంటి మీద పొర వచ్చింది. దుంగ మీది సుద్దగీత కనపడక వేలితో తడిమి కోస్తున్నాడని ఆమెకు తెలుసు, యజమానికి తెలియదు. మానెయ్యమని ఆమె ఏడాది అడిగింది. మానేస్తే నేనేంది, అని ఆయన ఏడాది అడిగాడు. 

అందుకని తమ్ముణ్ణి అడిగింది. నీ కొడుకు ఫంక్షన్‌లో మీ బావకు పంచె పెట్టు, మిల్లు సారును కూడా పిలువు, ఆయన కళ్ల ముందు పెట్టు అన్నది. నలుగురిలో పంచె పెట్టిన మనిషితో రంపం పట్టించడానికి ఏ యజమానికైనా మొహం చెల్లదు. ఇంజనీరింగ్ డిప్లొమాలో మా లెక్చరర్లు నేర్పినట్టే, లెక్క అంతా సరిగ్గా వేసుకుంది. ఎదుటి వస్తువు గట్టిదనం ఒక్కటి తక్కువ అంచనా వేసింది.

మొదట పిల్లవాడికి పంచె కట్టారు. వాడి మేనమామలు కట్టారు. వాడు పెద్దవాడయ్యాడని అందరూ అక్షింతలు వేశారు. వాడు కింద పడకుండా నడవడానికి రెండు చేతులతో కుచ్చిళ్లు పట్టుకున్నాడు. తర్వాత బట్టలు పెట్టడం మొదలైంది. మామ మైకు పట్టుకుని నాయన పేరు పిలిచాడు. నాయన సోఫాలో కూర్చున్నాడు. బొట్టు పెట్టి కవరు చేతికిచ్చారు.

నాయన కవరు బరువు చూశాడు. ప్యాంటు గుడ్డ బరువు కాదది. చించి తీశాడు. జరీ అంచు పంచె, కండువా.

"బామ్మర్దీ, ఇది ఎవలది?"

"నీదే బావా."

"నాకెందుకు?"

"వయసొచ్చింది గనుక." మామ చేతిలో మైకు ఇంకా ఆన్‌లో ఉంది. మాట పొయ్యి దగ్గరున్నవాళ్లకు కూడా వినపడింది. "ఇగ ఆ ప్యాంట్లు చాలు. పెద్దమనిషి లెక్క కట్టుకొని రా, ఫొటో దిగుదం."

పెట్టిన బట్ట అక్కడికక్కడే కట్టుకుని రావాలి, అది పద్ధతి. నాయన మొదటి వరసలో ఉన్న మిల్లు యజమాని వైపు చూశాడు. ఆయన ఫోను చూసుకుంటున్నట్టు తల దించాడు. నాయన లేచి పంచెను మామ భుజం మీద వేశాడు, నువ్వు కట్టుకో అన్నాడు. మామ దాన్ని మళ్లీ నాయన ఛాతీకి అదిమాడు. నాయన తోశాడు. మామ వదల్లేదు.

"ఊరంత నవ్వుతున్నది బావా. అక్క మొహం చూసన్న కట్టు."

నాయన చేతికి దగ్గరగా తాంబాళం ఉంది. అంచుతో కొట్టాడు. మామ కనుబొమ్మ మీద చర్మం విచ్చుకుంది. ముందు తెల్లగా కనపడింది, తర్వాత నెత్తురుతో నిండింది. అక్షింతలు స్టేజీ అంతా చెల్లాచెదరయ్యాయి. మైకు కిందపడి కీచుమంది. మామ ఒక చేత్తో కన్ను మూసుకుని రెండో చేత్తో నాయన బెల్టు పట్టుకున్నాడు. నాయన రెండోసారి కొట్టాడు, ఈసారి మోచేతి మీద.

అప్పుడు బామ్మర్దులిద్దరూ స్టేజీ ఎక్కారు. నేనూ ఎక్కాను. మూతి మీద ఒక గుద్దు తగిలి నా కింది పన్ను పెదవిలోకి దిగింది. తర్వాత ఎవరో నా వీపు మీద కూర్చున్నారు. మిగతాది నేను నేల మట్టం నుంచి చూశాను.

నాయనను కొట్టి వదిలేస్తారనుకున్నాను. వాళ్లకు అంతకన్నా మంచి ఆలోచన వచ్చింది.

"కట్టనంటడా? మనమే కడ్దం పట్టు."

ఒకడు మెడ కింద చెయ్యి వేసి పట్టుకున్నాడు. ఒకడు బెల్టు లాగాడు. తోలు తెగి బకిల్ కుర్చీల్లోకి ఎగిరింది. ప్యాంటు తొడల దాకా వచ్చింది, పాదాల దగ్గర ఆగింది. ఆ రెండు వేళ్ల కొలత వల్ల బూట్ల మీదుగా అది రాదు. వాళ్లకు ఆ సంగతి తెలియక లాగారు, నాయన ప్యాంటుతో పాటు స్టేజీ పొడవునా జరిగాడు. తల ఒకసారి సోఫా కాలికి తగిలింది. ఆయన ఒకడి ముంజేయి కొరికాడు. వాడు అరిచి మోకాలితో పక్కటెముకల మీద పొడిచాడు. చివరికి బూట్లు, ప్యాంటు కలిసి ఊడాయి. బులుగు గీతల నిక్కరుతో మా నాయన రెండు వందల కుర్చీల ముందు ఉన్నాడు. కాళ్లు సన్నగా, తెల్లగా ఉన్నాయి. వాటిని నేనెప్పుడూ అంత వెలుతురులో చూడలేదు.

పంచెను నడుముకు చుట్టి, కొస లోపలికి దోపారు. కండువా మెడలో వేశారు.

"ఆఁ, ఇగ దిగున్రి ఫొటో," అన్నాడొకడు.

సౌండు బాక్సులో పాట ఆగలేదు. ఆపాలని ఎవరికీ తట్టలేదు. అమ్మ టెంటు గుంజ పట్టుకుని ఉంది. గుంజను ఎంత గట్టిగా పట్టుకుందంటే షామియానా ఆ మూల వణికింది.

యజమాని లేచాడు. వాళ్లది సత్తుపల్లి వైపు, ముందు తరంలో కోస్తా నుంచి వచ్చి భూములు కొన్న కుటుంబం. ఆయన మాట ఎప్పుడూ మెత్తన.

"మిస్త్రీ గారూ, రేపటి నుంచి కాస్త ఇంటి దగ్గరే ఉండండి. రంపం మీదకి వేరే కుర్రాణ్ణి చూస్తాను," అన్నాడు. అన్నం తినకుండా కారెక్కాడు. అమ్మ అడిగింది అమ్మకు దొరికింది.

మరుసటి ఉదయం నాయన అదే పంచె కట్టుకుని ఇంట్లోంచి బయటికి వచ్చాడు. కట్టుకోవడం అనకూడదు. గోచీ పెట్టి కట్టడం ఆయనకు రాదు, పదిహేడో ఏట మిల్లులో చేరినప్పటి నుంచి ప్యాంటే. ఊరికే చుట్టి దోపుకున్నాడు. పైన బిగించడానికి బెల్టు లేదు, తెగింది కదా. అమ్మ తలుపుకు అడ్డం నిలబడింది. ఆయన ఆమెను రెక్క పట్టి గోడకు విసిరాడు. అమ్మ భుజం గోడకు కొట్టుకున్న చప్పుడు నాకు వంటింట్లోకి వినపడింది. నేను వచ్చేసరికి సైకిల్ గేటు దాటింది.

నేను బండి మీద వెంట పడ్డాను. మిల్లు గుమ్మం దగ్గర వాచ్‌మన్ నాయనను చూసి నవ్వబోయి ఆగాడు. నాయన పెయింటు అక్షరాల కింద నుంచి లోపలికి పోయాడు. రంపం తిరుగుతోంది. ట్రాలీ మీద జామాయిల్ దుంగ. కొత్త కుర్రాడు తోస్తున్నాడు. నాయన వాణ్ణి మెడ పట్టి లాగి రంపపు పొట్టు కుప్ప మీద పడేశాడు. యజమాని ఆఫీసు గదిలోంచి అరుస్తూ వచ్చాడు.

"పంచె మీరే కట్టించిన్రు గద. పంచెతోనే కోస్త, సూడు," అన్నాడు నాయన.

దుంగను తోశాడు. మొదటి పలక తిన్నగా వచ్చింది. నేనిప్పటికీ చెప్పగలను, అంచు నుంచి అంచుకు అంత తిన్నని కోత ఆ కుర్రాడి వల్ల కాదు. ట్రాలీని వెనక్కి లాగడానికి, రంపాన్ని తిప్పే కింది చక్రం వైపు ఒక అడుగు వేశాడు. ఆ చక్రం షాఫ్టు బేరింగు దాటి జానెడు బయటికి ఉంటుంది, కొసన చక్రాన్ని బిగించే ఇనుప కీ కొంచెం పొడుచుకుని. దాని మీది జాలీ మూతను గ్రీజు పెట్టడానికి ఆ ఉదయమే తీసి పక్కన పెట్టారు. నాయనకు ఎడమ కన్ను కనపడదు. షాఫ్టు ఎడమ వైపు.

పంచె కొస పట్టుకుంది.

నేను స్విచ్చు దగ్గరే ఉన్నాను, కొట్టాను. మోటారు ఆగింది. చక్రం ఆగలేదు. అంత బరువు చక్రం తిరుగుతూ ఉంటే కరెంటు పోయిన సంగతి దానికి తెలియడానికి సమయం పడుతుంది. చదువులో దానికి సూత్రం ఉంది. అక్కడ నాయన ఉన్నాడు. గుడ్డ తాడులా పురి పడి ఆయనను నడుము పట్టి లాగింది. ఆయన బొంగరంలా ఒక చుట్టు తిరిగాడు, ఇంకో చుట్టు తిరిగాడు. తుంటి ట్రాలీ పట్టాకు కొట్టుకుంది. భుజం ఇనుప ఫ్రేముకు కొట్టుకుని ఎముక విరిగింది, చెరుకు గడ విరిచినట్టు చప్పుడు. అప్పుడు దోపు ఊడింది. పంచె మొత్తం ఆయన ఒంటి మీద నుంచి జారి షాఫ్టుకు పోయింది. ఆయన పొట్టులో పడ్డాడు.

గోచీ పెట్టి ఉంటే పంచె ఊడేది కాదు. నడుముకు బెల్టు ఉంటే ఊడేది కాదు. ముందు రోజు ఆ బెల్టు తెగింది. ఆ వరసలో ఒక్కటి మారినా ఆయన షాఫ్టుకు చుట్టుకునేవాడు. దీన్ని నేను చాలాసార్లు వెనక నుంచి ముందుకు, ముందు నుంచి వెనక్కు వేసుకున్నాను. జవాబు అదే వస్తుంది, అందులో ఎవరి మంచితనమూ లేదు.

నడుము చుట్టూ చర్మం ఊడి ఎర్రగా పట్టీలా ఉంది. ఎడమ చెయ్యి వంకరగా కింద. నేను మోకాళ్ల మీద కూర్చుని మొహం మీది పొట్టు తుడిచాను. ఆయన ఒకటే అన్నాడు.

"ప్యాంటు తే."

దవాఖానాలో భుజానికి కట్టు కట్టారు. సాయంత్రం మామ వచ్చాడు, కనుబొమ్మ మీద కుట్లతో. చేతిలో నాయన జీన్సు ప్యాంటు, ఉతికి మడత పెట్టి ఉంది. ఊడిన గుండీ కుట్టించాడు. మంచం కాళ్ల వైపు పెట్టి నిలబడ్డాడు. నాయన గోడ వైపు తిరిగాడు. మామ వెళ్లిపోయాడు.

అమ్మ తన భుజం కూడా ఎత్తలేకపోతోంది. స్టూలు మంచం దగ్గరికి జరుపుకుంది.

"వానిది తప్పు లేదు. పంచె పెట్టుమన్నది నేను."

నాయన తిరగలేదు.

"నువ్వు సస్తవని పెట్టిచ్చిన. ఇన్నవా?"

"ఇన్న."

"నాకు ముసలి చీర పెట్టిన నాడు నేను కట్టుకోలేదా? గా రోజు నాకు మాత్రం మనసున పట్టిందా? ఎవల నెత్తి పగలగొట్టిన నేను?"

నాయన గోడ వైపే మొహం పెట్టి అన్నాడు.

"పగలగొట్టాల్సింది."

ఆమె ప్యాంటు తీసి ఒళ్లో పెట్టుకుంది. కొత్త గుండీకి దారం ఎక్కువ వదిలేశారు, దాన్ని పళ్లతో తెంపింది.

వయసుతో బట్ట మారాలా అని మా ఆఫీసులో ఒకసారి మాట వచ్చింది, ఎవరో పెద్దాయన ఎర్ర షర్టు వేసుకొచ్చినందుకు. మారాలని కొందరు, అవసరం లేదని కొందరు. నన్ను అడిగారు. మిషను పక్కన నిలబడేవాడికి వదులు గుడ్డ వద్దు, పద్దెనిమిదేళ్లయినా అరవయ్యయినా, అన్నాను. అది మాత్రమే నాకు ఖాయంగా తెలుసు. మిగతా బట్టల గురించి నా దగ్గర నియమం లేదు. ఒక మనిషికి ఇక నువ్వు ముసలివి అని చెప్పాలంటే నోటితో చెప్పాలి. గుడ్డతో చెబితే దాన్ని ఎవరో ఒకరు కట్టుకోవాల్సి వస్తుంది.

భుజం అతికింది కానీ చెయ్యి తల దాటి లేవదు. యజమాని దవాఖానాకు వచ్చి పండ్లు పెట్టి, రంపం మీద కుర్రాడు కుదురుకున్నాడని చెప్పిపోయాడు. షాఫ్టుకు చుట్టుకున్న పంచెను హ్యాక్సా బ్లేడుతో నేనే కోసి తీశాను. నాయన ఇంటి దగ్గరే ఉంటున్నాడు. తలకు రంగు మానేశాడు. పొద్దున్నే స్నానం చేసి బిగుతు జీన్సు వేసుకుంటాడు, కొత్త బెల్టు పెట్టుకుంటాడు, బూట్లు వేసుకుంటాడు, అరుగు మీద కూర్చుంటాడు. మిల్లు సైరన్ మోగితే లేస్తాడు, మళ్లీ కూర్చుంటాడు. అమ్మ ఆ మధ్య అంగడి నుంచి చిలకపచ్చ చీర ఒకటి కొని తెచ్చుకుంది. కట్టుకుని ఆయన ముందు నుంచి పోయింది. ఆయన చూశాడు.

చుట్టాలు మమ్మల్ని పిలవడం మానలేదు. మేం పోవడమూ మానలేదు. స్టేజీ మీదికి నాయన పేరు మాత్రం పిలవరు. ప్యాంటు గుడ్డ పెడితే ఒక గొడవ, పంచె పెడితే ఒక గొడవ అని వాళ్ల భయం. అమ్మ పేరుతో కవరు వస్తుంది, నా పేరుతో వస్తుంది.

అప్పటి నుంచి మేం పోయిన ఫంక్షన్లు ఐదు. నాయనకు పెట్టిన బట్టలు సున్నా.